ఇండియానా చిన్న పట్టణంలో సబ్సిడీ అద్దె ఇల్లు: వెతుకులాట, దరఖాస్తు, నివాసం – ఒక సమీక్ష

అమెరికాలో పిల్లల దగ్గరికి వచ్చి, గ్రీన్‌కార్డు మీద స్థిరపడి, తరువాత పౌరసత్వం కూడా తీసుకున్న తెలుగు తల్లిదండ్రుల ఇళ్ళలో "సీనియర్ అపార్ట్‌మెంటు" అన్న మాట ఇప్పుడు తరచుగా వినబడుతోంది. పెద్ద నగరాల చుట్టుపక్కల ఉండేవారికి ఈ విషయంలో చెప్పేవాళ్ళు దొరుకుతారు. గుడిలోనో సంఘం సమావేశంలోనో అప్పటికే ఆ దారిన వెళ్ళిన పెద్దలు ఎవరో ఒకరు కలుస్తారు. చిన్న ఊళ్ళలో ఆ సౌకర్యం లేదు. ఇండియానా రాష్ట్రంలో పదివేల జనాభా కూడా లేని ఒక కౌంటీ కేంద్రంలో మా మామయ్యకూ అత్తయ్యకూ ప్రభుత్వ సాయంతో నడిచే అద్దె ఇంటిని వెతికి, దరఖాస్తు పెట్టి, చివరికి ఆ ఇంట్లో చేర్చిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. ఇల్లు బాగుంది, అద్దె ఇంకా బాగుంది, అక్కడికి చేరే దారి మాత్రం అధ్వానంగా ఉందని నా అభిప్రాయం. ఆ దారి ఎందుకు అలా ఉందో ముందే తెలిస్తే సగం ఇబ్బంది తగ్గుతుంది కనుక ఆ భాగాన్నే కొంచెం విస్తరించి చెబుతాను.

కొడుకు అదే ఊళ్ళో ఉండగా తల్లిదండ్రులకు వేరే ఇల్లెందుకని కొందరు బంధువులు అడిగారు. కొడుకూ కోడలూ ఏమీ అనలేదు, ఎవరూ ఎవరినీ పొమ్మనలేదు. "నా వంటిల్లు నాకుంటే చాలురా, ఎవరి మీదా నాకు కోపం లేదు" అని అత్తయ్య ఒక్క మాటలో తేల్చేసింది. ఆ కారణం నాకు సరిపోయింది.

ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఏమిటంటే, ఇక్కడ సబ్సిడీ ఇల్లు అనేది ఒకే పథకం కాదు, అందరూ వెళ్ళి నిలబడే ఒకే కార్యాలయమూ లేదు. నగరాల్లో అందరి నోటా వినబడే సెక్షన్ 8 వోచరుకు, అంటే అద్దెలో కొంత భాగాన్ని ప్రభుత్వం కట్టే సాయానికి, మూలం 1974 నాటి చట్టం. దానిని స్థానిక హౌసింగ్ అథారిటీలు హడ్ అనే కేంద్ర గృహనిర్మాణ శాఖ నిధులతో నడుపుతాయి. వోచరు మనిషికి ఇచ్చేది కనుక, దానిని ఒప్పుకునే యజమాని దొరికిన చోట అద్దెకు దిగవచ్చు. చిన్న ఊళ్ళో అద్దెకిచ్చే యజమానులే తక్కువ, వోచరును ఒప్పుకునేవారు మరీ తక్కువ, పైగా వెయిటింగ్ లిస్టు మూసివేసి ఉన్న కాలమే ఎక్కువ. అందువల్ల ఇటువంటి ఊళ్ళలో నిజంగా అక్కరకు వచ్చేది వ్యవసాయ శాఖ, అంటే యూఎస్‌డీఏ. ఇళ్ళకూ వ్యవసాయ శాఖకూ సంబంధమేమిటని నేను కూడా మొదట ఆశ్చర్యపోయాను. గ్రామీణ ప్రాంతాల అభివృద్ధి బాధ్యత ఆ శాఖది కావడంతో, 1949 నాటి గృహనిర్మాణ చట్టానికి 1962లో చేర్చిన సెక్షన్ 515 కింద అద్దె భవనాలు కట్టేవారికి అది నేరుగా రుణాలిస్తూ వచ్చింది. ఆ రుణంపై యజమాని మీద పడే వడ్డీ భారం ఒక్క శాతానికి దిగేటట్టు ప్రభుత్వం మిగిలిన వడ్డీని భరిస్తుంది. అప్పు తీర్చే గడువు కూడా చాలా భవనాలకు యాభై ఏళ్ళు. యజమానికి ఖర్చు అంత తగ్గుతుంది కనుకనే అద్దె తగ్గుతుంది. దేశమంతటా ఇటువంటి ఇళ్ళు సుమారు 4 లక్షలు ఉన్నాయి, వాటిలో చాలా భాగం ఇరవై ముప్ఫై ఇళ్ళు మాత్రమే ఉండే చిన్న చిన్న సముదాయాలు.

అయితే వడ్డీ తగ్గినంత మాత్రాన పెన్షను మీద బతికే మనిషికి అద్దె అందుబాటులోకి వచ్చిందని అనుకోకూడదు. ఈ భవనాల్లో ప్రతి ఇంటికీ బేసిక్ రెంట్ అనే కనీస అద్దె ఒకటి ఉంటుంది. సర్దుబాటు చేసిన ఆదాయంలో, అంటే కొన్ని మినహాయింపులు తీసేయగా మిగిలిన దానిలో, 30 శాతం ఎంతో, బేసిక్ రెంట్ ఎంతో చూసి, ఆ రెండింటిలో ఏది ఎక్కువైతే అది కట్టాలి. ఆదాయం తక్కువైనవారికి బేసిక్ రెంట్ కూడా బరువే కనుక, 1970ల చివర్లో రెంటల్ అసిస్టెన్స్ అనే అదనపు సాయాన్ని మొదలుపెట్టారు. అది ఉన్న ఇంట్లో మనం కట్టేది ఆదాయంలో 30 శాతం మాత్రమే, మిగతాది ప్రభుత్వం యజమానికి కడుతుంది. అన్ని భవనాలకూ ఈ సాయం లేదు, ఉన్న భవనాల్లో సైతం అన్ని ఇళ్ళకూ లేదు. ఒకే వరండాలో పక్కపక్క తలుపుల వెనుక ఉన్న ఇద్దరు ఒకే రకమైన ఇంటికి వేర్వేరు అద్దెలు కడుతూ ఉండడం వింతేమీ కాదు.

లెక్కగా చెబితే తేటపడుతుంది. వృద్ధాప్యంలో వేరే రాబడి లేని దంపతులకు ఎస్ఎస్ఐ అనే కేంద్ర సాయం 2025లో గరిష్ఠంగా నెలకు 1,450 డాలర్లు, అంటే ఏడాదికి 17,400 డాలర్లు. అందులో వృద్ధుల కుటుంబానికి ఇచ్చే మినహాయింపు పాత నిబంధనల్లో 400 డాలర్లు, కొత్త వాటిలో అప్పటికి 525 డాలర్లు. ఏ లెక్కన చూసినా నెలకు 30 శాతం వాటా 420 డాలర్ల పైచిలుకు వస్తుంది. కరెంటు బిల్లు మనమే కట్టుకునే ఇల్లయితే యుటిలిటీ అలవెన్సు పేరుతో కొంత తగ్గిస్తారు కూడా. అదే ఇంటికి రెంటల్ అసిస్టెన్స్ లేక, బేసిక్ రెంట్ 650 అనుకుంటే, ఆ దంపతులు 650 కట్టవలసిందే. నెలకు సుమారు 225 డాలర్ల తేడా, వచ్చేదే 1,450 అయినప్పుడు, చిన్నది కాదు. అందువల్ల ఫోను చేసిన ప్రతిచోటా "ఖాళీ ఉందా" అనే ప్రశ్న కన్నా ముందు "ఈ ఇంటికి రెంటల్ అసిస్టెన్స్ ఉందా" అని అడగాలని నా గట్టి సలహా.

ఇక వెతుకులాట గురించి. యూఎస్‌డీఏ తన భవనాల జాబితాను ఇంటర్నెట్‌లో పెట్టింది. రాష్ట్రం, కౌంటీ, ఊరు ఎంచుకుంటూ పోతే భవనాల పేర్లు, చిరునామాలు, నిర్వహించే సంస్థల ఫోను నంబర్లు, అది కుటుంబాలకా వృద్ధులకా అన్న వివరం కనబడతాయి. ఇంతవరకు మెచ్చుకోవాలి, డబ్బులు అడగని, ప్రకటనలు లేని, లాగిన్ అక్కరలేని జాబితా ఇది. మనకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, అంటే ఇప్పుడు ఖాళీ ఉందా, వెయిటింగ్ లిస్టు ఎంత పొడవు అన్నది మాత్రం అందులో దొరకదు. ప్రతి భవనమూ తన లిస్టును తానే రాసుకుంటుంది కనుక, ఎన్ని భవనాలుంటే అన్ని ఫోన్లు, అన్ని దరఖాస్తులు తప్పవు. హడ్ వారి పటం వేరే ఉంది, రాష్ట్ర హౌసింగ్ సంస్థల జాబితాలు వేరే. ఈ మూడింటినీ ఎవరూ ఒకచోట కలపలేదు; ఆ కలిపే పని దరఖాస్తుదారుడి నెత్తిన పడుతుంది. 211 నంబరుకు ఫోను చేస్తే స్థానిక సహాయ సంస్థల వివరాలు చెబుతారు, పెద్దవాళ్ళ విషయమైతే ఆ ప్రాంతపు ఏరియా ఏజెన్సీ ఆన్ ఏజింగ్‌ను అడగడం ఇంకా మేలు. మాకు పక్క కౌంటీలోని సెక్షన్ 202 భవనం గురించి తెలిసింది అక్కడి నుంచే. సెక్షన్ 202 అనేది 62 ఏళ్ళు నిండి, స్థానిక మధ్యస్థ ఆదాయంలో 50 శాతానికి మించని రాబడి ఉన్న పెద్దల కోసం హడ్ 1959 నుంచి నడుపుతున్న పథకం. వాటిని ఎక్కువగా లాభాపేక్ష లేని సంస్థలు చూసుకుంటాయి.

ఈ వెతుకులాటలో ట్యాక్స్ క్రెడిట్ అపార్ట్‌మెంట్లు కూడా ఎదురవుతాయి. 1986 నాటి పన్ను చట్టం కింద, కట్టేవారికి పన్ను రాయితీ ఇవ్వడం వల్ల వచ్చిన ఈ భవనాలు చూడడానికి కొత్తగా, అందంగా ఉంటాయి. వాటి అద్దెను ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయాన్ని బట్టి నిర్ణయిస్తారే తప్ప మన సొంత రాబడిని బట్టి కాదు. ఉద్యోగం చేసుకునే చిన్న కుటుంబానికి అది మంచి బేరమే, ఎస్ఎస్ఐ మీద ఉన్నవారికి మాత్రం చేతికందదు. ఇంకొక హెచ్చరిక కూడా అవసరం: వెయిటింగ్ లిస్టులో పేరు రాయిస్తామని డబ్బు అడిగే వెబ్‌సైట్లు బోలెడున్నాయి. హడ్ సాయంతో నడిచే భవనాలు దరఖాస్తుకు రుసుము తీసుకోకూడదు, సెక్షన్ 8 లిస్టులో చేరడానికీ డబ్బు కట్టనక్కరలేదు. ఈ రెండింటికీ డబ్బు అడిగారంటే అది మోసమనే అనుకోవాలి.

దరఖాస్తు ఫారం నింపడం కష్టం కాదు, దానికి జతచేయవలసిన కాగితాలు కూడగట్టడమే పెద్ద పని. ఇంట్లో ఉండబోయే ప్రతి ఒక్కరి పుట్టినతేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరు, ఎస్ఎస్ఐ అవార్డ్ లెటరు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, గతంలో ఎక్కడెక్కడ ఉన్నారన్న వివరం అడుగుతారు. హడ్ పథకాల్లో 1980 నాటి సెక్షన్ 214 ప్రకారం పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవారు, శరణార్థులు వంటి కొన్ని వర్గాలవారే అర్హులు. హెచ్1బీ మీద ఉన్నవారికి, విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకు సాయం వర్తించదు. ఒకే కుటుంబంలో కొందరికి అర్హత ఉండి కొందరికి లేకపోతే ఆ నిష్పత్తిలో సాయం తగ్గుతుంది.

మన తెలుగువారు తడబడే చోట్లు రెండున్నాయి. మొదటిది పిల్లలు ఇచ్చే డబ్బు. కొడుకు నెలనెలా తల్లి ఖాతాలో రెండు వందల డాలర్లు వేస్తుంటే, మనం దానిని ఆదాయమని అనుకోము, అది మనింటి డబ్బే కదా అనుకుంటాము. ఇక్కడి నిబంధనల్లో మాత్రం బయట ఉన్నవారి నుంచి క్రమం తప్పకుండా వచ్చే సొమ్ము ఆదాయం కిందికే వస్తుంది, బ్యాంకు స్టేట్‌మెంటులో అది మేనేజరుకు స్పష్టంగా కనబడుతుంది. ఎస్ఎస్ఐ లెక్క కూడా దానితో మారుతుంది. రెండవది స్వదేశంలోని ఆస్తి. తెనాలిలో తాతగారి ఇంటిలో వాటా, ఊరి బయట ముప్పాతిక ఎకరం పొలం, స్టేట్ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వంటివి అమెరికాలో లేవు కదా అని రాయకుండా వదిలేసేవారున్నారు. ఆస్తులు ఎక్కడున్నా చూపించాలి. దాచిపెట్టి సంతకం చేయడం నేరం, తరువాత బయటపడితే ఇల్లు పోవడంతోపాటు తీసుకున్న సాయమంతా తిరిగి కట్టవలసి వస్తుంది. 2016 నాటి హోట్మా చట్టంతో సెక్షన్ 8 పథకాల్లో లక్ష డాలర్ల చుట్టుపక్కల ఆస్తి పరిమితి ఒకటి వచ్చింది, నివాసయోగ్యమైన సొంత ఇల్లు ఉన్నవారి మీద ఆంక్ష కూడా వచ్చింది. మామయ్య తన వాటా విలువను అక్కడి రిజిస్ట్రేషను కాగితాల ఆధారంగా లెక్కగట్టి, ఆంగ్ల అనువాదం జతచేసి, ఫారంలో రాసి ఇచ్చారు. ఎనభైకి దగ్గరపడుతున్న మనిషి, పూర్వం రెవెన్యూ శాఖలో పనిచేసిన అనుభవంతో, దస్త్రాన్ని ట్యాగులు కట్టి మరీ అప్పగించారు. అంత పద్ధతిగా కాగితాలు తెచ్చినవారిని చూడలేదని మేనేజరు అన్నదట.

వెయిటింగ్ లిస్టు దగ్గర నా ఫిర్యాదంతా ఉంది. దరఖాస్తు అందిన తేదీ, సమయం వేసి వరుసలో పెడతారు. సెక్షన్ 515 భవనాల్లో బాగా తక్కువ ఆదాయం ఉన్నవారికి మొదటి ప్రాధాన్యం, వారిలో మళ్ళీ ముందు వచ్చినవారికి ముందు. నియమం న్యాయంగానే ఉంది. కానీ చిన్న భవనానికి పూర్తికాలపు మేనేజరు ఉండదు. ఒకే మనిషి రెండు మూడు ఊళ్ళ భవనాలు చూసుకుంటూ వారంలో కొన్ని గంటలు మాత్రమే ఒక్కో చోట కూర్చుంటుంది. మేము మొదట ప్రయత్నించిన ఒక భవనంలో ఫోను ఎత్తేవారే లేరు, వదిలిన సందేశాలకు జవాబు రాలేదు, స్వయంగా వెళితే తలుపుకు అతికించిన వేళలకు భిన్నంగా తాళం వేసి ఉంది. చివరికి దరఖాస్తును రసీదు వచ్చే పోస్టులో పంపించాము, తేదీకి రుజువు చేతిలో ఉండాలని. మరొక చోట, ఆసక్తి ఇంకా ఉందా అని అడుగుతూ వచ్చిన ఉత్తరం కొడుకు ఇంటి చిరునామాకు వచ్చి, పనికిరాని ప్రకటనల మధ్య కలిసిపోయి దాదాపు చెత్తబుట్ట పాలయ్యేది. జవాబు ఇవ్వకపోతే పేరు తీసేస్తారు. చిరునామా, ఫోను మారితే ప్రతి భవనానికీ విడివిడిగా రాసి తెలపాలి. దరఖాస్తును తిరస్కరిస్తే కారణం కాగితం మీద చెప్పాలి. హడ్ భవనాల్లో దాని మీద అభ్యంతరం చెప్పుకోవడానికి 14 రోజుల గడువు ఉంటుంది. ఈ హక్కు ఉన్న సంగతి తెలియక చాలామంది మొదటి తిరస్కారంతోనే ఊరుకుంటారు.

మాకు ఇల్లు దొరికిన భవనం మాత్రం అన్నివిధాలా మేలైనది. 1980లలో కట్టిన ఒకే అంతస్తు ఇటుక భవనం, ఎక్కడా మెట్లు లేవు. ఒక పడకగది, చిన్న హాలు, కిటికీ ఉన్న వంటగది, స్నానాలగదిలో పట్టుకోవడానికి కడ్డీలు, ఆపదలో లాగితే మోగే తాడు ఉన్నాయి. బట్టలు ఉతికే యంత్రాలు ఉమ్మడి గదిలో ఉన్నాయి. తివాచీ పాతది, గోడలకు రంగు వేసి ఇచ్చారు కానీ వంటగది అలమరాలు నాటివే. స్టవ్ మీద ఉన్న చిమ్నీ పొగను బయటికి పంపదు, వడకట్టి మళ్ళీ గదిలోకే వదులుతుంది. పోపు వేసిన ప్రతిసారీ స్మోక్ అలారం మోగుతుంటే అత్తయ్య ఇప్పుడు కిటికీ తెరిచి, ఫ్యాను పెట్టి, ఆ తరువాతే ఎండుమిర్చి చేతిలోకి తీసుకుంటోంది. సాంబ్రాణి పొగకూ ఇదే ఏర్పాటు. పక్కింటి పెద్దావిడ మొదటి వారంలోనే వాసన గురించి అడిగి, గిన్నెడు పులిహోర పట్టుకుపోయింది.

చిన్న ఊరి ఇబ్బంది గడప దాటాక తెలుస్తుంది. సిటీ బస్సు లేదు. కౌంటీ నడిపే వ్యాను ఉంది కానీ ఒక రోజు ముందుగా ఫోను చేసి చెప్పుకోవాలి, శనాదివారాల్లో అది తిరగదు. కందిపప్పు, చింతపండు దొరికే దుకాణానికి గంటకు పైగా ప్రయాణం. కారు నడపని పెద్దలకు, దగ్గరలో కొడుకో కూతురో లేకుండా, ఈ ఏర్పాటును నేను సిఫారసు చేయలేను. ఆసుపత్రి నడక దూరంలో ఉండడం మా అదృష్టం, ఆ ఒక్క కారణం చేతనే ఈ భవనాన్ని మిగతా వాటికన్నా ముందు ఎంచుకున్నాము.

సంతకం చేసే ముందు లీజు మొత్తం చదవాలి. తెలుగులో ఏ కాగితమూ మాకు దొరకలేదు, కనుక చదివి చెప్పే మనిషి పక్కన ఉండాలి. అతిథులు వరుసగా ఎన్ని రోజులు ఉండవచ్చో అందులో రాసి ఉంటుంది. మన పెద్దలకు అంతకన్నా ముఖ్యమైనది ఇండియా ప్రయాణం. సంక్రాంతికి వెళ్ళి ఉగాది చూసుకుని వద్దామనుకునేవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. అమెరికా వదిలి వరుసగా 30 రోజులు ఉంటే ఎస్ఎస్ఐ ఆగిపోతుంది, తిరిగి వచ్చి మళ్ళీ 30 రోజులు ఇక్కడ ఉన్న తరువాతే అది మొదలవుతుంది. ఇంటిని ఎక్కువ కాలం ఖాళీగా ఉంచినా లీజుకు ముప్పు వస్తుంది. రెండు నెలలకు మించిన గైర్హాజరును సబ్సిడీ ఇళ్ళలో సాధారణంగా ఒప్పుకోరు. మామయ్య దంపతులు ఈసారి మేనకోడలి పెళ్ళికి మూడు వారాలకే వెళ్ళివచ్చారు, అదీ మేనేజరుకు ముందుగా రాసి ఇచ్చి. ఏటా ఒకసారి ఆదాయం కాగితాలన్నీ మళ్ళీ చూపించి అద్దెను తిరిగి లెక్కగట్టించుకోవాలి. ఆ తేదీ దాటితే సాయం లేని పూర్తి అద్దె కట్టమంటారు.

చేరేవారిలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: ఈ భవనం రుణం ఎప్పటికి తీరుతుంది? సెక్షన్ 515 కింద కొత్త భవనాలకు రుణాలివ్వడం పదేళ్ళకు పైగా దాదాపు ఆగిపోయింది. పాత రుణాలు ఒక్కొక్కటిగా తీరిపోతున్నాయి, రుణం తీరితే దానికి ముడిపడి ఉన్న రెంటల్ అసిస్టెన్స్ కూడా ముగుస్తుంది, ఆపై యజమాని ఆ ఇళ్ళను మామూలు అద్దెకు ఇచ్చుకోవచ్చు. రుణం తీరినా సాయం కొనసాగేలా 2024 కేటాయింపుల చట్టంలో వెయ్యి ఇళ్ళ వరకు ఒక ప్రయోగానికి అవకాశమిచ్చారు. 4 లక్షల ఇళ్ళ పక్కన అది ఏ మూలకు? మా మేనేజరు ఈ ప్రశ్నకు మొదట తెల్లబోయినా, సంస్థ పెద్దలను అడిగి, ఇంకా పదేళ్ళకు పైగా గడువు ఉందని రాసి పంపింది. తమకు అది చాలునన్నారు మామయ్య. పక్క కౌంటీ సెక్షన్ 202 భవనం లిస్టులోంచి మాత్రం వాళ్ళ పేర్లు నేను తీయించలేదు. ఏకకాలంలో రెండు సాయాలు తీసుకోకూడదు కానీ, ఒక ఇంట్లో ఉంటూ మరొక లిస్టులో పేరు ఉంచుకోవడానికి అడ్డేమీ లేదు.